ఒక్క నారింజకి యూరప్‌లో ఇన్ని పేర్లు, ఇన్ని రూపాలు ఎందుకు?

పాదోవాలో_పిల్ల
ఇటాలియన్ రెండో లెవెల్ పరీక్ష పేపర్లు ఇవాళ ఇచ్చారు. నారింజపండ్లు అని రాయాల్సిన చోట ఒక అక్షరం ఎక్కువ రాశానని మార్కు కొట్టేశారు. ఒక పండు అయితే ‘అరాన్చ’. స్పెల్లింగులో సి తర్వాత ఐ ఉంటుంది. చాలా పండ్లు అయితే ‘అరాన్చె’. ఇందులో ఆ ఐ ఉండకూడదట. చొక్కాని ‘కమీచ’ అంటారు, దాని బహువచనంలో మాత్రం ఐ ఉండాలట! పలికేటప్పుడు రెండింట్లోనూ ఆ ఐ వినపడదు. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఇది కాక పండు స్త్రీలింగం, చెట్టు పుంలింగం, రంగుకి మళ్లీ వేరే మాట. నా రూమ్మేట్ స్పెయిన్ అమ్మాయి, తను ‘నరాన్హ’ అంటుంది. పక్క గదిలో గ్రీకు అబ్బాయి ‘పోర్తొకాలి’ అంటాడు. క్లాసులో జర్మన్ అమ్మాయిని అడిగితే ‘అప్ఫెల్జీనె’ అంది. ఒక్క పండుకి ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన లేదు.

ఇంకో సంగతి. మా ఇంటి ఓనరు ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన ముసలావిడ. బళ్లో నేర్చుకున్న ఇటాలియన్ కాకుండా ఇంట్లో ఇక్కడి యాస మాట్లాడుతుంది. ఆవిడ ‘నరాన్సా’ అంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు ఝల్లుమంది. మా అమ్మమ్మ నారింజ అన్నట్టే ఉంది. ఇది కాకతాళీయమా, సంబంధం ఉందా?

బెర్లిన్_బుజ్జి
స్పెల్లింగ్ సంగతి ముందు చెప్తా, నేనూ ఇటాలియన్ ఒక ఏడాది చదివాను. ఆ సి కి ముందు అచ్చు ఉంటే బహువచనంలో ఐ ఉంచాలి, హల్లు ఉంటే తీసేయాలి. కమీచలో సి కి ముందున్నది ఐ, అచ్చు. అందుకే ఉంచుతారు. అరాన్చలో ముందున్నది ఎన్, హల్లు. అందుకే పోతుంది. ఇటాలియన్లే చాలామంది తప్పు రాస్తారు, దిగులు పడకు.

పాదోవాలో_పిల్ల
@బెర్లిన్_బుజ్జి అక్కా, క్లాసులో పది నిమిషాలు చెప్పినా ఎక్కలేదు, నువ్వు రెండు ముక్కల్లో చెప్పేశావు. ఇక మర్చిపోను.

పదాల_పెట్టె
కాకతాళీయం కాదు, చుట్టరికమే. ఇది నాకు చాలా ఇష్టమైన మాట, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదలు మన వైపు నుంచే. సంస్కృతంలో ‘నారంగ’. ఆ మాట ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలోకి వెళ్లిందని చాలామంది భాషావేత్తలు అంటారు. సంస్కృతం నుంచి పర్షియన్‌లోకి ‘నారంగ్’ గా, అక్కడి నుంచి అరబీలోకి ‘నారంజ్’ గా వెళ్లింది. అరబ్బులు ఆ చెట్టుని మధ్యధరా సముద్రం చుట్టూ తీసుకెళ్లారు. సిసిలీ, స్పెయిన్ అప్పట్లో వాళ్ల చేతిలో ఉండేవి. చెట్టుతో పాటే మాటా దిగింది. స్పానిష్‌లో నరాన్హ, హంగేరియన్‌లో నరాంచ్, మీ ముసలావిడ నోట్లో నరాన్సా, అన్నీ ఆ ఇంటివే.

మరి ఇటాలియన్ అరాన్చలో మొదటి న ఏమైంది? ‘ఒక’ అనడానికి వాళ్ల మాట ‘ఊన’. ‘ఊన నరాన్చ’ అని గబగబా అంటే రెండు న లు కలిసిపోయి, న ముందు మాటదో వెనక మాటదో తేలదు. వినేవాళ్లు ‘ఊన్ అరాన్చ’ అని విడగొట్టుకున్నారు. న పోయింది. మీ పాదోవా ఉన్న వెనిస్ వైపు యాస మాత్రం ఆ న ని వదల్లేదు. అందుకే మీ ఓనరమ్మ మాట మీ అమ్మమ్మ మాటలా వినపడింది.

ఫ్రెంచ్‌లో ఇంకో మలుపు ఉంది. అక్కడ ‘ఒర్’ అంటే బంగారం. పండు రంగు బంగారు రంగు కాబట్టి మొదటి అ కాస్తా ఒ అయిందంటారు. అలా ‘ఒరాంజ్’ తయారైంది, ఇంగ్లిష్ వాళ్లు అక్కడి నుంచి తీసుకున్నారు.

గుంటూరు_కారం
అవును, ఇంగ్లిష్‌లో కూడా మొదట ‘ఎ నారెంజ్’ అని ఉండి ‘ఏన్ ఆరెంజ్’ అయిందని మా లెక్చరర్ చెప్పారు.

పదాల_పెట్టె
@గుంటూరు_కారం ఇది చాలాచోట్ల చెప్తారు కానీ సరికాదు. మాట ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పటికే న లేదు. అది పోయింది దారిలో, ఇటలీ, ఫ్రాన్స్ దగ్గర. ఇంగ్లిష్‌లో నిజంగా అలా జరిగిన మాట ‘ఏప్రన్’. అది మొదట ‘ఎ నేప్రన్’.

గుంటూరు_కారం
ఓహో. పదేళ్లుగా తప్పే చెప్తున్నా పిల్లలకి. రేపే సరిచేస్తా.

తెలుగు_వీరుడు
అంటే యూరప్ అంతా మన తెలుగు మాటే వాడుతోందన్నమాట!! గర్వంగా ఉంది!!

మాస్టారు_కాకినాడ
@తెలుగు_వీరుడు సంతోషం మంచిదే నాయనా, కానీ ద్రావిడం అంటే తెలుగు ఒక్కటే కాదు. తమిళంలో నార్త్తంగాయ్ ఉంది, ఊరగాయ పెట్టుకుంటారు. మలయాళంలో ‘నారంగ’ అంటే ఏమిటో తెలుసా? నిమ్మకాయ. మన దగ్గర నారదబ్బ ఉంది. ఇవన్నీ పులుపు కాయలే. ఇంతమంది అక్కచెల్లెళ్లలో ఎవరింటి నుంచి బయల్దేరిందో ఒకరి పేరు పెట్టి చెప్పడం న్యాయం కాదు.

పైగా ఇంకొకటి ఆలోచించండి. మన ‘నారింజ’ చివర ఉన్న ‘ంజ’ చూస్తుంటే అరబీ, పర్షియన్ల ‘నారంజ్’ కి దగ్గరగా ఉంది. నేరుగా ‘నారంగ’ నుంచి వచ్చి ఉంటే ‘గ’ ఎందుకు మారాలి? ఇక్కడి నుంచి వెళ్లిన మాట పడమటి దేశాలు తిరిగి కొత్త వేషంలో మన ఇంటికే వచ్చిందని నా అభిప్రాయం.

తెలుగు_వీరుడు
మాస్టారూ, వెళ్లి తిరిగొచ్చినా మనదే కదా. అమెరికా వెళ్లొచ్చిన మా బావ మా బావ కాకుండా పోతాడా?

మాస్టారు_కాకినాడ
పోడు. యాస మారుతుంది, అంతే.

ఓడ_మీద_విశాఖ
గ్రీకు పోర్తొకాలి గురించి నేను చెప్తా, పిరేయస్ రేవులో చాలాసార్లు దిగాను. అది పోర్చుగల్ దేశం పేరే. గ్రీకులో పోర్తొకాలి, రొమేనియాలో పోర్తొకాల, బల్గేరియాలో పోర్తొకాల్, అల్బేనియాలో పోర్తొకాల్, టర్కీలో పోర్తకాల్. ఈ దేశాల్లో ఏ రేవులో అడిగినా పండు దొరుకుతుంది, ఒక్క మాట నేర్చుకుంటే చాలు.

గ్రీకు వాళ్లతో మాత్రం జాగ్రత్త. ‘కా’ ని నొక్కి పలికితే పండు. అదే మాటలో చివరి ‘లి’ ని నొక్కి పలికితే రంగు. ‘యా’ చేర్చి పోర్తొకాలియా అని చివర నొక్కితే చెట్టు. పండు నపుంసకలింగం, చెట్టు స్త్రీలింగం. నేను కొట్లో పండ్లు అడగబోయి చాలాసార్లు రంగు అడిగాను.

కువైట్_కరీంనగర్
ఇక్కడ అరబ్బులు ‘బుర్తుకాల్’ అంటరు. రోజూ జ్యూస్ షాపుల వింటనే ఉన్న, పోర్చుగల్ అని ఇప్పుడే తెలిసింది. మరి నారంజ్ వాళ్ల మాటే అంటిరి గదా, అది ఎటు పోయింది?

పదాల_పెట్టె
@కువైట్_కరీంనగర్ మంచి ప్రశ్న అన్నా. మొత్తం చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. పండ్లు రెండు. అరబ్బులు మొదట తీసుకెళ్లింది పుల్లటి, చేదు నారింజ. తియ్యటిది యూరప్‌కి తర్వాత ఎప్పుడో వచ్చింది, 15, 16 శతాబ్దాల్లో. దాని వ్యాపారం ఎక్కువగా పోర్చుగీసు ఓడల మీద జరిగింది. కాబట్టి కొత్త తియ్యటి పండుని చాలామంది ‘పోర్చుగల్ పండు’ అన్నారు. అరబీలో ఇప్పటికీ నారంజ్ అంటే చేదు రకం, బుర్తుకాల్ అంటే తియ్యటిది. గ్రీకులోనూ అంతే. చేదుది ‘నెరాంజి’, తియ్యటిది పోర్తొకాలి.

స్పెయిన్‌కి నారంజ్ మాటని ఇచ్చిన అరబ్బులే, పక్కనున్న పోర్చుగల్ పేరుని తిరిగి తెచ్చుకున్నారు చూడండి. పోర్చుగీసు వాళ్లు మాత్రం తమ పండుని తమ దేశం పేరుతో పిలుచుకోరు. వాళ్లది పాత మాటే, ‘లరాంజ’. మొదటి న కాస్తా ల అయింది.

బెర్లిన్_బుజ్జి
మా జర్మన్ వైపు ఇంకో దారి. అప్ఫెల్ అంటే ఆపిల్, జీనె అంటే చైనా. చైనా ఆపిల్ అన్నమాట. డచ్ వాళ్లు ‘సినాసాపెల్’ అంటారు, అదీ అదే అర్థం. ఉత్తర జర్మనీలో అప్ఫెల్జీనె ఎక్కువ, దక్షిణానికి పోతే ‘ఒరాంజె’ ఎక్కువ. మార్కెట్లో ఎవరు ఏది అడిగారో చూసి ఏ వైపు వాళ్లో కొంతవరకు చెప్పొచ్చు.

రంగుతోనే నాకు తలనొప్పి. జర్మన్‌లో విశేషణాలన్నీ లింగం, వచనం, విభక్తిని బట్టి తోక మార్చుకుంటాయి. ఎర్ర చొక్కాకి ఒక తోక, ఎర్ర సంచికి ఒక తోక. ఒరాంజ్ రంగుకి మాత్రం రాతలో తోక పెట్టొద్దంటారు. కానీ మా ఆఫీసులో అందరూ మాట్లాడేటప్పుడు తోక పెడతారు! మధ్యలో ఒక న చేర్చి మరీ పెడతారు. అడిగితే ‘అది మాటల్లో, ఇది రాతలో’ అంటారు.

ఫ్రెంచ్_ట్యూషన్_హైద
@బెర్లిన్_బుజ్జి ఫ్రెంచ్‌లోనూ ఇదే గొడవ, నా విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లో ఇక్కడే జారిపడతారు. పచ్చ చెప్పులు అంటే పచ్చకి బహువచనం గుర్తు పెట్టాలి. నారింజ రంగు చెప్పులు అంటే ఒరాంజ్‌కి ఏమీ పెట్టకూడదు. కారణం, అది అసలు పండు పేరు, రంగు పేరు కాదు. ‘నారింజ లాంటి’ అని మనసులో అనుకుంటున్నాం కాబట్టి మారదు. గోధుమ రంగుకి వాళ్లు వాడే ‘మరోన్’ కూడా అంతే, అది ఒక రకం చెస్ట్‌నట్ కాయ పేరు. గులాబీ పువ్వు నుంచి వచ్చిన ‘రోజ్’ మాత్రం మారుతుంది. అది పాతబడి పూర్తిగా రంగైపోయింది.

నేను పిల్లలకి చెప్పే ఉపాయం: తెలుగులో ‘నారింజ రంగు చీర’, ‘నారింజ రంగు చీరలు’ అంటాం. చీర ఒకటైనా పది అయినా నారింజ కదలదు. అలా గుర్తుపెట్టుకోండి అంటాను. బాగానే పనిచేస్తోంది.

ఓరుగల్లు_అక్క
అసలు ఈ పండు రాకముందు వాళ్లు ఆ రంగుని ఏమనేవాళ్లు? రంగు అయితే ఉంటది గదా, సూర్యుడు అప్పుడు కూడా దిగిండు గదా.

పదాల_పెట్టె
@ఓరుగల్లు_అక్క ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘పసుపు ఎరుపు’ అని రెండు మాటలు అతికించిన పదం ఉండేది. లేదంటే అంతా ఎరుపే. వాళ్ల రాబిన్ పిట్టని ‘ఎర్ర రొమ్ము పిట్ట’ అంటారు. నిజానికి దాని రొమ్ము నారింజ రంగు. పేరు పెట్టిన రోజుల్లో ఆ రంగుకి విడిగా మాట లేదు. పండు వచ్చాక చాలా ఏళ్లకు, 16వ శతాబ్దం మొదట్లో గానీ, ఇంగ్లిష్‌లో అది రంగు పేరుగా కనపడదు.

హంగేరియన్లు ఇప్పటికీ ‘నారింజ పసుపు’ అనే అంటారు. ఉత్త నారింజ అని రంగుకి వాడటం తక్కువ.

ఓరుగల్లు_అక్క
మనకు కాషాయం ఉన్నది, జేగురు ఉన్నది, సింధూరం ఉన్నది. పండు కోసం ఆగలే మనం.

బంతి_పూలు
నెదర్లాండ్స్ టీమ్ ఆరెంజ్ జెర్సీ వేసుకునేది కూడా ఈ పండు వల్లేనా? వాళ్ల రాజవంశం పేరు ఆరెంజ్ కదా.

పదాల_పెట్టె
@బంతి_పూలు కాదు, ఇక్కడ రెండు వేరు వేరు మాటలు ఒకేలా అయిపోయాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఒరాంజ్ అనే ఊరుంది. రోమన్ల కాలంలో దాని పేరు ‘అరౌసియో’, పండుతో సంబంధమే లేదు. క్రీస్తుపూర్వం 105లో రోమన్లు అక్కడ ఘోరంగా ఓడిపోయారు. అప్పటికి యూరప్‌లో నారింజ లేనే లేదు. ఆ ఊరి సంస్థానం 1544లో నసావ్ వంశపు విలియంకి వారసత్వంగా వచ్చింది. డచ్ వాళ్ల తిరుగుబాటుకి నాయకుడు ఆయనే. అరౌసియో అరిగి అరిగి పండు పేరులా తయారయ్యింది, అందుకే వాళ్లు ఆ రంగుని తమదిగా చేసుకున్నారు.

బంతి_పూలు
అంటే ఊరి పేరూ పండు పేరూ కలిసిపోవడం వల్ల 11 మంది నారింజ రంగు వేసుకుని ఆడుతున్నారు. ఇది మా ఫ్రెండ్స్‌కి ఇవాళే చెప్పాలి.

కజాన్_డాక్టర్
రష్యాలో ఎంబీబీఎస్ చదివిన వాళ్లు ఎవరూ లేరా ఇక్కడ? డచ్ వాళ్ల ‘చైనా ఆపిల్’ మాటే అక్కడికీ వెళ్లింది. ‘అపెల్సిన్’, పుంలింగం. మొదటి ఏడాది చలికాలంలో మాకు హాస్టల్ దగ్గర దొరికిన పండు ఇదొక్కటే. కొట్టుకి వెళ్తే లెక్క పెట్టడం ఒక పరీక్ష. ఒకటైతే అపెల్సిన్. రెండు, మూడు, నాలుగు అయితే ‘అపెల్సినా’. అయిదు నుంచి ‘అపెల్సినఫ్’. ఏ అంకెకి ఏ రూపమో గుర్తు రాక నేనూ నా రూమ్మేటూ ఎప్పుడూ నాలుగే కొనేవాళ్లం. చదువు అయ్యేసరికి బాగానే వచ్చింది గానీ ఆ నాలుగు పండ్లు పంచుకున్న సాయంత్రాలు మర్చిపోలేను.

రంగుని మాత్రం ‘అరాన్‌జెవీ’ అంటారు, ఫ్రెంచ్ వైపు నుంచి వచ్చిన మాట. పండుకి ఒక దేశం పేరు, రంగుకి ఇంకో దేశం పేరు.

వార్సా_వంటిల్లు
పోలాండ్‌లో పండూ రంగూ ఒక్క మాట నుంచే. ‘పొమరాంచ’. ఇటాలియన్‌లో పొమో అంటే పండు, దానికి అరాన్చ కలిపారు. అంటే ‘పండు నారింజ’. ఇక్కడ స్త్రీలింగం. పక్కనే చెక్ దేశంలో అదే మాట ‘పొమెరాన్చ్’, పుంలింగం! మా ఆయన ఆఫీసు బ్రనోలో, నా ఆఫీసు వార్సాలో. ఇంట్లో మేం తెలుగులో నారింజ అనేసి గొడవ లేకుండా తింటాం.

2004లో ఉక్రెయిన్‌లో జరిగిన ఆరెంజ్ విప్లవం ఉంది కదా, ఆ రంగుకి వాళ్లు వాడిన మాట కూడా ఈ పొమరాంచ వంశమే. పండుని మాత్రం రష్యన్ల లాగే అపెల్సిన్ అంటారు.

హెల్సింకి_చలి
ఫిన్లాండ్ గురించి ఎవరూ రాయలేదు. ఇక్కడ ‘అపెల్సీని’. లింగమే లేదు, హాయి. కానీ విభక్తులు 15. భయపడ్డాను గానీ తెలుగువాళ్లకి ఇది తేలిక. నారింజలో అంటే ‘అపెల్సీనిస్స’, నారింజలోంచి అంటే ‘అపెల్సీనిస్త’, నారింజకి అంటే ‘అపెల్సీనిల్లె’. మన లో, లోంచి, కి లాగే మాట చివర అతుక్కుంటాయి. మా క్లాసులో ఇంగ్లిష్ వాళ్లు తలలు పట్టుకుంటే నేనూ ఒక తమిళ అబ్బాయీ ముందు నేర్చేసుకున్నాం.

మాస్టారు_కాకినాడ
@హెల్సింకి_చలి చాలా సంతోషం వేసిందమ్మా ఇది చదివి. వ్యాకరణం చెప్పేటప్పుడు ఇలాంటి ఉదాహరణ ఒక్కటి దొరికితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

లింగం సంగతి కూడా చెప్పాలి. ఇటాలియన్లు పండు, చెట్టు తేడా లింగంతో చూపిస్తారు. స్పెయిన్ వాళ్లూ అంతే, నరాన్హ పండు, నరాన్హొ చెట్టు. లాటిన్‌లోనూ పండుకీ చెట్టుకీ లింగం వేరే ఉండేది. మనకి పండు, చెట్టు రెండూ అమహద్వాచకాలే, ‘అది’ అంటే సరిపోతుంది. కానీ మన దగ్గర ఇంకో గొప్ప సౌకర్యం ఉంది. కాయ, పండు. నారింజకాయ అంటే ఒక అర్థం, నారింజపండు అంటే ఒక అర్థం. పచ్చిదో పండినదో మాటలోనే తెలుస్తుంది. పైన చెప్పిన భాషల్లో దానికి విడిగా ‘పచ్చి’ అని చేర్చాల్సిందే.

లిస్బన్_లోకం
@మాస్టారు_కాకినాడ పోర్చుగీసులో మీ సూత్రం పనిచేయదు మాస్టారూ. పండు లరాంజ స్త్రీలింగమే, చెట్టు ‘లరాంజైర’ కూడా స్త్రీలింగమే. చెట్టు కూడా ఆడదే ఇక్కడ.

మాస్టారు_కాకినాడ
సరే, ఆ ఒక్క చెట్టుకీ సూత్రం నుంచి సెలవు.

నల్గొండ_తోట
మా తోటల బత్తాయి చెట్లే అన్నీ. దేశాల పేర్లు పండ్లకు పెట్టుడు మనదగ్గర కూడ ఉన్నది. మోసంబి అంటే మొజాంబిక్. బత్తాయి అంటే బటావియా అని మా తాత చెప్పేటోడు, ఇప్పటి జకార్తా అన్నమాట. సంత్ర అంటే పోర్చుగల్‌ల సింత్రా ఊరి పేరని కూడ అంటరు. మరి నారింజ ఒక్కటే ఏ ఊరి పేరు లేకుండ ఎట్ల ఉన్నది?

పదాల_పెట్టె
@నల్గొండ_తోట అది ఇక్కడిదే కాబట్టి. ఊరి పేరు పరాయి నుంచి వచ్చిన వాటికి పెడతాం. బెంగాల్‌లో పంపరపనసని ‘బతాబి లేబు’ అంటారు, అదీ బటావియానే. మా కోనసీమలో నారింజ అంటే ఇప్పటికీ పులుపే. ఆ రసం పిండి పులిహోర కలుపుతారు. తియ్యటివి కమలాలు, బత్తాయిలు. అంటే గ్రీకు వాళ్లు చేదుదాన్ని నెరాంజి అని విడిగా ఉంచుకున్నట్టే, మనమూ పాత పేరుని పాత పుల్లటి కాయకే ఉంచుకున్నాం. కొత్తగా వచ్చిన తియ్యటి వాటికి కొత్త పేర్లు. రెండు చోట్లా జనం ఒకేలా ఆలోచించడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగా, ఆనందంగా ఉంటుంది.

పాదోవాలో_పిల్ల
ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి ఓనరమ్మకి ఇదంతా వచ్చీరాని ఇటాలియన్‌లో చెప్పాను. నరాన్సా మాట మా ఊళ్ల వైపు నుంచి వచ్చిందంటే ముందు నమ్మలేదు. నారింజ అని నేను పలికి వినిపించాను. మళ్లీ అనమంది. నాలుగైదు సార్లు అనిపించుకుని, వాళ్ల అమ్మ చేదు నారింజ తొక్కలతో చేసే తీపి వంటకం గురించి చెప్తూ కూర్చుంది. పరీక్షలో పోయిన మార్కు సంగతి మర్చేపోయాను.

అన్నట్టు కమీచ కూడా మన కమీజేనా?

పదాల_పెట్టె
చుట్టమే. లాటిన్ ‘కమీసియా’ నుంచి ఒక దారి ఇటాలియన్ కమీచకి, ఇంకో దారి అరబీ ‘కమీస్’ కి, అక్కడి నుంచి మన కమీజుకి. ఇది మాత్రం అటు నుంచి ఇటు వచ్చిన మాట.

బార్సిలోనా_బాబు
లేటుగా చూశాను. ఇక్కడ కటలాన్‌లో ‘తరొంజ’ అంటారు. న కాదు, ల కాదు, త ఎలా వచ్చింది?

పదాల_పెట్టె
@బార్సిలోనా_బాబు అది నారంజ్ కాదు, ఇంకో అరబీ మాట ‘తురుంజ్’. మాదీఫలం లాంటి కాయ పేరు. స్పానిష్‌లో ‘తొరోన్హ’ కూడా అదే. ఒక కాయ పేరు ఇంకో కాయకి పోయింది, మలయాళంలో నిమ్మకాయ నారంగ అయినట్టు.

నల్గొండ_తోట
మాదీఫలం మా బావి గట్టు మీద ఒక చెట్టు ఉన్నది. ఎవరికన్న కావాలంటే కార్తీకంల రండి.